వానతో లిథువేనియన్ ఓనమాలు

కొత్త భాష పాఠాలు సాధారణంగా ‘నా పేరు ఫలానా’తో మొదలవుతాయి. లిథువేనియన్ నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్లకు నేను వేరే దారి చెబుతాను. వానతో మొదలుపెట్టండి. ఆ భాషలో ‘వాన పడుతోంది’ అనడానికి ఒక్క మాట చాలు: ‘లీయ’. కర్త అక్కర్లేదు, సహాయక క్రియ అక్కర్లేదు. నేర్చుకున్న మొదటి నిమిషంలోనే ఒక పూర్తి వాక్యం నోటికొస్తుంది. విల్నియస్ బస్టాపులోనో, కౌనస్ హాస్టల్ కిటికీ దగ్గరో ఏ నెలలోనైనా దాన్ని వాడుకునే అవకాశం వస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో అదే అసలైనది. మనవాళ్లు యూరప్ భాషలన్నిటినీ ఇంగ్లీషు మీదుగానే నేర్చుకుంటారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, వివరణ ఇంగ్లీషువాళ్ల చెవిని, నోటిని దృష్టిలో పెట్టుకుని రాసి ఉంటుంది. కానీ లిథువేనియన్‌లో ఇంగ్లీషువాళ్లు తడబడే చోట్లు చాలావరకు తెలుగువాళ్లకు బాగా అలవాటైనవే. హ్రస్వదీర్ఘాల తేడా, విభక్తులు, ‘పడేది’ లాంటి క్రియారూపం, ‘కురుస్తుండగా’, ‘వెలిశాక’ లాంటి అసమాపక క్రియలు మనకు పుట్టుకతో వచ్చినవో, బడిలో వల్లె వేసినవో. ఇంగ్లీషు పుస్తకం పేజీలకు పేజీలు వివరించే సంగతిని తెలుగులో ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. వాన గురించి మాట్లాడుతూ పోతే ఇవన్నీ వరసగా ఎదురవుతాయి.

ముందు ఆ దేశపు వాన సంగతి. బాల్టిక్ సముద్రం తూర్పు ఒడ్డున ఉన్న లిథువేనియాలో వాన, మంచు కలిపి ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్లు పడుతుంది. హైదరాబాదు సగటు సుమారు 800. లెక్క ప్రకారం మనకే ఎక్కువ. తేడా అంతా పడే తీరులో ఉంది. మనకు ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతోనే వచ్చేస్తుంది. ఆ తరువాత నెలల తరబడి ఆకాశం వైపు చూసే పనే ఉండదు. అక్కడ ఆ 700 మిల్లీమీటర్లు పన్నెండు నెలలకూ పరుచుకుంటాయి. జులై, ఆగస్టుల్లో ఉరుములు మెరుపులతో పెద్ద వానలు. అక్టోబరు, నవంబరుల్లో సన్నగా, రోజుల తరబడి ముసురు. శీతాకాలంలో మంచు, కొన్నాళ్లు మంచూ వానా కలగలిసిన తడి. సముద్రం మీది తేమగాలి ముందుగా తగిలే పడమటి మెట్ట ప్రాంతం ఝెమైతియలో వాన ఇంకా ఎక్కువ. కాబట్టి వాన కబురు అక్కడ ఏడాది పొడవునా నడుస్తుంది. తలుపు తీసి బయటికి వెళ్లే ప్రతివాడికీ అది రోజువారీ అవసరం.

వానను వాళ్లు ‘లియెతుస్’ అంటారు. తమ దేశాన్ని ‘లియెతువ’ అంటారు. రెండు మాటలూ పక్కపక్కన వినగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. వానదేశం కాబట్టే ఆ పేరని చెప్పుకోవడం అక్కడి జనంలో ఉంది. భాషావేత్తలు ఎక్కువగా మొగ్గు చూపేది మాత్రం మరో వివరణకు. పాత రాజధాని కెర్నవే దగ్గర ‘లియెతవ’ అనే చిన్న వాగు ఉంది, దేశానికి ఆ వాగు పేరే వచ్చిందని వాళ్ల ఊహ. ఆ వాగు పేరును ‘పోయడం’ అనే అర్థమున్న ‘లియెతి’ క్రియతో కలుపుతారు. వానకూ మూలం ఆ పోయడమే. ఏ దారిన వెళ్లినా చివరికి నీళ్ల దగ్గరికే చేరతాం. దేశం పేరు లిఖితపూర్వకంగా మొట్టమొదట కనిపించేది 1009లో, జర్మన్ మఠం ఒకటి రాసిపెట్టిన క్వెడ్లిన్‌బర్గ్ వార్షిక వృత్తాంతాల్లో.

ఇప్పుడు క్రియ దగ్గరికి వద్దాం. మొదటి రోజు ఈ ఒక్క వాక్యం కంఠస్థం చేస్తే చాలు: ‘వకర్ లియో, షెన్‌దియెన్ లీయ, రీతోయ్ లిస్.’ నిన్న వాన పడింది, ఇవాళ పడుతోంది, రేపు పడుతుంది. మూడు కాలాలూ వచ్చేశాయి. నిన్న, ఇవాళ, రేపు అనే మాటలూ వచ్చేశాయి. దీన్ని కాస్త దగ్గరగా చూడండి. వర్తమానంలో ‘లీ’ దీర్ఘం. భూత, భవిష్యత్ కాలాల్లో ‘లి’ హ్రస్వం. కాలం మారితే అచ్చు పొడవు మారుతోంది. ఇంగ్లీషువాళ్ల చెవికి ఈ తేడా పట్టుబడడానికి చాలా సాధన కావాలి. ‘వడ’కీ ‘వాడ’కీ, ‘కల’కీ ‘కాల’కీ తేడా చిన్నప్పటి నుంచీ వింటున్న మనకు అది విన్న వెంటనే తెలుస్తుంది. నోట్లోంచి కూడా సరిగ్గానే వస్తుంది.

రాతలో ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. లిథువేనియన్‌కు రోమన్ లిపే, అక్షరాలు 32. అందులో ‘వై’ అక్షరం ఎప్పుడూ దీర్ఘమైన ‘ఈ’. ‘జె’ అక్షరం మన ‘య’. ఇది తెలియక ‘లీయ’ను ‘లైజా’ అని చదివేవాళ్లు ఉంటారు. ‘టి’, ‘డి’ అక్షరాలను మన ‘త’, ‘ద’లుగానే, నాలుక పళ్లకు ఆనించి పలకాలి. ఇంగ్లీషు అలవాటుతో ‘లియెటుస్’ అంటే పరాయి యాసే. ‘లియెతుస్’ అన్నారంటే విన్నవాళ్ల ముఖం వికసిస్తుంది. ‘ష’, ‘చ’ మనకున్నవే. మనకు లేని శబ్దాల్లో ముఖ్యమైనది ఒకటుంది: ‘ష’ను గొంతు మోగిస్తూ పలికితే వచ్చేది. ఈ వ్యాసంలో దాన్ని ‘ఝ’తో రాస్తున్నాను. ‘ఝైబస్’ అంటే మెరుపు. ఒత్తి పలికే చోటు మాత్రం విని పట్టుకోవాల్సిందే. ‘లీయ’లో ఒత్తు మొదటి అక్షరం మీద, ‘లియెతుస్’లో చివర ‘తుస్’ మీద. విభక్తి మారితే ఒత్తు కూడా చోటు మారుతుంది. ఈ ఒత్తుల లోగుట్టు తెలుసుకోవడానికే 1880లో భాషావేత్త ఫెర్డినాండ్ ద సొస్యూర్ అంతటివాడు లిథువేనియాకు ప్రయాణం కట్టాడు.

కాదనడానికి ముందు ‘నె’ చేర్చితే సరి. ‘నెలీయ’ అంటే వాన పడడం లేదు. ‘నెలిస్’ అంటే పడదు. అడగడానికి వాక్యం మొదట్లో ‘అర్’ పెట్టాలి. ‘అర్ లీయ?’ అంటే వాన పడుతోందా? మనం చివర ‘ఆ’ తగిలించే పనిని వాళ్లు మొదట్లోనే చేసేస్తారు. అంతే తేడా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రూపం నాలుగోది: ‘లీదవో’. దీన్ని ఇంగ్లీషులోకి తేవాలంటే రెండు మూడు మాటలు పోగేయాలి. తెలుగులో ఒక్క మాట చాలు: ‘పడేది’. ‘మా చిన్నప్పుడు ఎండాకాలంలో తరచూ వాన పడేది’ అన్నామంటే, ఒక్కసారి పడిన వాన కాదని, మళ్లీ మళ్లీ పడుతూ ఉండేదని వినేవాళ్లకు అర్థమవుతుంది. లిథువేనియన్‌లో సరిగ్గా ఈ పనికోసమే క్రియకు ‘దవో’ చేరుతుంది. ‘ఆడుకునేవాళ్లం’, ‘వెళ్లేవాడు’, ‘పాడేది’ అనే ప్రతి చోటా అది వాడుకోవచ్చు. ఇంగ్లీషులో రాసిన పాఠ్యపుస్తకంలో దీన్ని కొత్త కాలం అంటూ ప్రత్యేక పాఠంగా పెడతారు. మనకు అది కొత్త కాలమేమీ కాదు. నాయనమ్మ కథలన్నీ ఆ కాలంలోనే విన్నాం.

వాన రకాలకు వస్తే అక్కడా మన దగ్గరలాగే మాటల సంపద ఉంది. సన్నటి తుంపర పడుతుంటే ‘దుల్క్య’ అంటారు. ధూళి అనే అర్థమున్న ‘దుల్కే’ మాటకు అది దగ్గరి చుట్టం, నీళ్లు ధూళిలా రాలుతున్నాయన్నమాట. ఆ తుంపర పేరు ‘దుల్క్స్న’. ఆగి ఆగి సన్నగా పడుతుంటే ‘లీనోయ’. చినుకు చినుకుగా రాలుతుంటే ‘క్రప్నోయ’. ఒక్కసారిగా కుమ్మరిస్తే అది ‘ల్యూతిస్’. వడగళ్లు ‘క్రుష’. మంచూ వానా కలిసి బరువుగా, చిత్తడిగా మీద పడే దానికి మనకు మాట లేదు, ఆ అవసరం మనకు రాలేదు. వాళ్లకు ఉంది: ‘ష్లప్‌ద్రిబ’. నవంబరు చివర్లో, మార్చిలో ఈ మాట లేకుండా రోజు గడవదు. ఇవేవీ నామవాచకాలకు విశేషణాలు తగిలించి చేసిన మాటలు కావు. సన్నటి వానల్లోనైతే ఒక్కో రకానికి ఒక్కో క్రియ. అది ఆ భాషలోని గొప్పతనం. ‘దుల్క్య’ అన్న ఒక్క మాటతో పడుతోందనీ, ఎలా పడుతోందో కూడా చెప్పేశారు.

భారీ వానకు వాళ్లు వాడే నుడికారం వింటే తెలుగువాళ్లకు ఎంతో సంతోషంగా ఉంటుంది. ‘పిల కైప్ ఇష్ కిబిరో’ అంటారు. ‘కిబిరస్’ అంటే బకెట్. బకెట్‌తో కుమ్మరించినట్టు పోస్తోందని. మనం ‘కుండపోత’ అంటాం. పాత్ర మారింది, చూపు మారలేదు. అలాగే ఏవైనా కుప్పలుతెప్పలుగా పుట్టుకొస్తుంటే వాళ్లు వాన తరువాతి పుట్టగొడుగుల్లా అంటారు. మనమూ అదే అంటాం. ఒకరి నుంచి ఒకరు తెచ్చుకున్నది కాదు ఇది. వాన పడ్డ మర్నాడు తడి నేలను చూసిన ఏ పల్లెజనానికైనా అదే తోస్తుంది.

వాతావరణ సూచన వినడం మొదలుపెడితే క్రియకు ముందు చేరే ఉపసర్గలు అలవాటవుతాయి. ‘కై కుర్ పలిస్’ అంటే అక్కడక్కడ చిరుజల్లులు. ‘దౌగ్ కుర్ పలిస్’ అంటే చాలా చోట్ల వాన. ఇక్కడ ‘లిస్’కు ముందు చేరిన ‘ప’ చూడండి. కాసేపు పడి ఆగుతుందని చెప్పేది అదే. ‘పలియో’ అంటే కాస్త పడి వెలిసింది. ‘ప్రి’ చేరితే నిండడం: తొట్టి నిండా వాన నీళ్లు చేరాయంటే ‘ప్రిలియో’. ‘అప్’ చేరితే చుట్టూ తడిపేయడం: ‘అప్లియో’ అంటే వానలో చిక్కుకుని తడిశామని. ‘సు’ చేరితే పాడవడం దాకా తడవడం. ‘షియెనా సులియో’ అంటే ఆరబెట్టిన గడ్డి వానకు తడిసి ముద్దయిందని. జులైలో కోసిన గడ్డి పొలంలో ఆరుతుండగా ఆ మాట ఒక రైతు నోట వినపడిందంటే, పశువులకు శీతాకాలపు మేత పోయినట్టే. ధాన్యం కల్లంలో ఉండగా వాన పడితే ఎలా ఉంటుందో తెలిసిన మనకు ఆ మాట బరువు వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఇద్దరు స్నేహితుల మధ్య, పొద్దున్నే హాస్టల్ మెట్ల మీద నడిచే సంభాషణ ఇలా ఉంటుంది:

“కోక్స్ షెన్‌దియెన్ ఓరస్?” - ఇవాళ బయట ఎలా ఉంది?

“బ్లోగస్. లీయ.” - బాగోలేదు. వాన పడుతోంది.

“అర్ స్తిప్రెయ్?” - గట్టిగానా?

“నె, తిక్ దుల్క్య. అర్ తురి స్కేతీ?” - లేదు, తుంపరే. నీ దగ్గర గొడుగుందా?

“తురియు.” - ఉంది.

“తై ఎయ్నం.” - అయితే పద.

ఎక్కడా మూడు మాటలు దాటిన వాక్యం లేదు. ‘తురి’ అన్నది నువ్వు అనే చోట. ప్రొఫెసరునో, ఇంటి యజమానురాలినో అడిగేటప్పుడు ‘అర్ తురితె స్కేతీ?’ అనాలి. అది మీరు. నువ్వు, మీరు తేడా పాటించే భాషలో పెరిగినవాళ్లం కాబట్టి ఎవరిని ఎలా పిలవాలన్న సంకోచం మనకు ఉండదు. పెద్దవాళ్లను, పరిచయం లేనివాళ్లను ‘మీరు’ అనండి, తప్పు జరగదు. ‘ఓరస్’ అన్న మాటకు గాలి అనే అర్థమూ ఉంది, వాతావరణమనే అర్థమూ ఉంది. బయట అనడానికి ‘లౌకె’ అంటారు. ‘లౌకె షల్త’ అంటే బయట చలిగా ఉంది. ఇక్కడ ‘ఉంది’ అనే మాట అక్కర్లేదు. ‘ఆయన మాస్టారు’ అన్నప్పుడు మనం క్రియ లేకుండానే వాక్యం ముగించినట్టు, వాళ్లు చలి, తడి, గాలి అన్నిటినీ అలాగే ముగిస్తారు. ‘ష్లప్య’ అంటే తడిగా ఉంది. ‘ద్రేగ్న’ అంటే చెమ్మగా ఉంది. ‘వేయుఓత’ అంటే గాలిగా ఉంది. పేరు పక్కన చేరినప్పుడు మాత్రం ఆ పేరు లింగాన్ని బట్టి మారాలి. వానరోజు ‘లియెతింగ దియెన’, వానలు పడే శరత్తు ‘లియెతింగస్ రుదుఓ’. రోజు స్త్రీలింగం, శరత్తు పుంలింగం.

విభక్తులు ఏడు. ఈ మాట వినగానే ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు పుస్తకం మూసేస్తారు. డు ము వు లు, నిన్ నున్ అని బడిలో వల్లించిన మనం మూయక్కర్లేదు. వాన మాటనే తీసుకుని చూద్దాం. ‘లియెతుస్’ ప్రథమ. ‘లియెతౌస్’ షష్ఠి, దీన్ని వాడే చోట్లు ఎక్కువ: ‘బె లియెతౌస్’ వాన లేకుండా, ‘పొ లియెతౌస్’ వాన తరువాత, ‘నుఓ లియెతౌస్’ వాన నుంచి. ‘లియెతూ’ ద్వితీయ: ‘పెర్ లియెతూ’ వానలో, వాన పడుతుండగా, ‘ప్రియెష్ లియెతూ’ వానకు ముందు. ఈ ద్వితీయ చివర అక్షరం కింద చిన్న కొక్కెం ఉంటుంది. ఇప్పుడది దీర్ఘానికి గుర్తు. ఒకప్పుడు అక్కడ అనునాసికం పలికేవాళ్లు. సంస్కృతంలో ‘గురుః’కి ద్వితీయ ‘గురుమ్’. ఆ చివరి మకారానికి మిగిలిన ఆనవాలే ఈ కొక్కెం. సంబోధనలో ఈ పోలిక ఇంకా ముచ్చటగా ఉంటుంది. వానను పిలవాలంటే ‘లియెతౌ’ అనాలి. శంభుడిని మనం ‘శంభో’ అని పిలుస్తాం కదా, ఆ ‘ఓ’కీ ఈ ‘ఔ’కీ మూలం ఒక్కటే. శివాలయంలో వినపడే పిలుపూ, బాల్టిక్ తీరంలో వానను పిలిచే పిలుపూ ఒకే వ్యాకరణ సూత్రం మీద నడుస్తున్నాయి.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. తెలుగు ద్రావిడ భాష, లిథువేనియన్ ఇండో-యూరోపియన్ భాష. వాటి మధ్య రక్త సంబంధం లేదు. ‘పడేది’, ‘లీదవో’ల పోలిక పని తీరులో కనిపించే పోలిక మాత్రమే. ‘శంభో’ది వేరే కథ. అది సంస్కృతం ద్వారా మన ఇంటికొచ్చిన చుట్టరికం. సంస్కృతానికీ లిథువేనియన్‌కీ మాతృభాష ఒకటే. బాల్టిక్ శాఖలో ఇప్పుడు బతికున్నవి లిథువేనియన్, లాత్వియన్ రెండే. వాటిలో లిథువేనియన్ పాత రూపాలను ఎక్కువ భద్రంగా దాచుకుంది. 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైషర్ ఈ భాషకు వ్యాకరణం రాయడానికి పూనుకున్నది అందుకే. ఆకాశం, వాతావరణం మాటల్లో ఈ చుట్టరికం తలెత్తితే కనిపిస్తుంది. మంచుపొగను వాళ్లు ‘మిగ్ల’ అంటారు, మన ‘మేఘం’ దాని తోబుట్టువు. తేమతో కూడిన ‘రస’ మాట అక్కడ అచ్చంగా ‘రస’గానే ఉంది, అర్థం మంచుబిందువులు. గాలి ‘వేయస్’, మనకు వాయువు. నీళ్లు ‘వందుఓ’, మనకు ఉదకం. శీతాకాలం ‘ఝియెమ’, మనకు హిమం. రోజు ‘దియెన’, మనకు దినం. మబ్బు ‘దెబెసిస్’ మొదట్లో నకారంతో మొదలయ్యే మాటే. దాని చుట్టం సంస్కృత ‘నభస్’. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి జ్ఞాపక సూత్రం ఎవరూ ఇవ్వలేరు.

అసమాపక క్రియల దగ్గర మళ్లీ మన తెలుగే ఆదుకుంటుంది. ‘లీయంత్’ అంటే కురుస్తుండగా. ‘పలియుస్’ అంటే కురిశాక. ‘పలియుస్ ఓరస్ అత్వేసో’ - వాన పడ్డాక గాలి చల్లబడింది. ‘నుస్తోయుస్ లీతి, ఇష్యేయోమె’ - వాన వెలిశాక బయల్దేరాం. ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ఎప్పుడైతే’ లాంటి సముచ్చయం తెచ్చి రెండు వాక్యాలు కుట్టాలి. తెలుగులోనూ లిథువేనియన్‌లోనూ క్రియ చివర మారిస్తే సరిపోతుంది. కర్తను కూడా చెప్పాలనుకుంటే దాన్ని చతుర్థిలో పెడతారు: ‘లియెతుయి లీయంత్’. సంస్కృతం చదివినవాళ్లకు సతి సప్తమి గుర్తుకొస్తుంది. అక్కడ సప్తమి, ఇక్కడ చతుర్థి. నా సలహా ఏమిటంటే ఈ రూపాలను చివరి పాఠాలకు వాయిదా వేయకండి. ఇంగ్లీషు పుస్తకాలు వీటిని కష్టమైనవని వెనక్కి నెడతాయి. మనకు ఇవి రెండో వారానికే నోటికి రావాలి, వస్తాయి కూడా.

ఉరుము దగ్గర భాష మతంలోకి వెళుతుంది. ఉరుములు మెరుపులతో కూడిన గాలివానను ‘పెర్కూనియ’ అంటారు. పాత లిథువేనియన్ల ఉరుము దేవుడు పెర్కూనస్. యూరప్‌లో క్రైస్తవం చివరగా చేరిన దేశం ఇదే. 1387లో రాజ్యం మతం మారింది, ఝెమైతియ ప్రాంతం 1413లో. అంత ఆలస్యంగా మారినందువల్ల పాత దేవుడు మాటల్లో మిగిలిపోయాడు. పిడుగు పడిందనడానికి ఇప్పటికీ ‘పెర్కూనస్ త్రెంకే’ అంటారు, పెర్కూనస్ కొట్టాడని. కోపమొస్తే ‘నిన్ను పెర్కూనస్ కొట్ట’ అని తిడతారు. ‘నీ మీద పిడుగు పడ’ అనే తిట్టు విని పెరిగిన మనకు అనువాదం అక్కర్లేదు. పెర్కూనస్‌కూ వేదాల్లోని పర్జన్యుడికీ సంబంధం ఉందని కొందరు పండితులు అన్నారు, శబ్ద నియమాలు కుదరడం లేదని మరికొందరు కాదన్నారు. ఆ వాదం ఇంకా తేలలేదు.

పల్లె నమ్మకాల్లో వానకు తారీఖు కూడా ఉంది. జులై 10 ‘నిద్రపోయే ఏడుగురు అన్నదమ్ముల’ రోజు. ఆ రోజు వాన పడితే ఏడు వారాలు పడుతూనే ఉంటుందంటారు. గడ్డి కోతల కాలం కాబట్టి ఆ రోజు అందరి కళ్లూ మబ్బుల మీదే. మన రైతులు మృగశిర కార్తె ఎప్పుడు ప్రవేశిస్తుందో, ఆరుద్రలో ఎంత పడిందో లెక్క చూసుకున్నట్టే. జూన్ 24న వచ్చే యోనినేస్ పండుగకు ‘రసోస్’ అనే పేరు కూడా ఉంది, మంచుబిందువుల పండుగ అని. ఆ తెల్లవారుజామున గడ్డి మీది బిందువులతో ముఖం కడుక్కునే ఆచారం ఉండేది. సెప్టెంబరు వస్తే వాన కబురు అడవి కబురవుతుంది. వాన పడ్డాక అడవిలో పుట్టగొడుగులు ఏరుకోవడం అక్కడ ఊరూవాడా ఇష్టపడే పని. దక్షిణాన పైన్ అడవుల మధ్య ఉన్న వరేన పట్నంలో పుట్టగొడుగుల పండుగే జరుగుతుంది.

ప్రేమగా మాట్లాడితే వాన ‘లియెతుతిస్’ అవుతుంది, చిట్టి వాన. సూర్యుడు ‘సౌలుతే’, చిరుగాలి ‘వేయెలిస్’, చిన్న మబ్బు ‘దెబెసేలిస్’. జానపద గీతాల్లో ఈ ముద్దు రూపాలు అడుగడుగునా వస్తాయి. పిల్లలతో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు వీటినే వాడతారు. అదే పెద్దవాళ్లు వానకు భయపడి ఇంట్లో కూర్చునే పిల్లాడిని ‘నువ్వు చక్కెరతో చేసినవాడివి కాదులే, కరిగిపోవు’ అని బయటికి పంపిస్తారు.

ఈ భాషలో మొదటి మహాకావ్యం రుతువుల మీదే పుట్టింది. లూథరన్ పాస్టర్ క్రిస్తియోనస్ దొనెలైతిస్ 18వ శతాబ్దంలో రాసిన ‘మేతై’, అంటే సంవత్సరం. ఆయన 1780లో చనిపోయాడు, కావ్యం 1818లో అచ్చయింది. నాలుగు రుతువులకు నాలుగు భాగాలు. శరదృతువు భాగం మొదట్లోనే వానకు నానిన నేల, బురద దారులు వస్తాయి. రైతుకూలీల బతుకు నుంచి తెచ్చిన మాటలతో గ్రీకు, లాటిన్ మహాకావ్యాల ఛందస్సులో రాశాడాయన. వాన గురించి జనం మాట్లాడుకునే మాటే కావ్యభాష అయింది.

ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు, నలభై ఏళ్లపాటు ఈ భాషను రోమన్ లిపిలో అచ్చువేయడమే నేరమైంది. 1864 నుంచి 1904 దాకా, అప్పట్లో దేశాన్ని ఏలుతున్న రష్యా జార్ ప్రభుత్వం నిషేధించింది, రష్యన్ లిపిలో రాయమంది. జనం ఒప్పుకోలేదు. పక్కనున్న తూర్పు ప్రష్యాలో పుస్తకాలు అచ్చువేయించి, మూటలు కట్టి, రాత్రిపూట సరిహద్దు దాటించి ఊళ్లకు చేర్చారు. ఆ మోతగాళ్లను ‘క్నీగ్‌నెష్యై’ అంటారు, పుస్తకాలు మోసేవాళ్లని. పట్టుబడితే జైలు, సైబీరియా ప్రవాసం. మార్చి 16న ఇప్పటికీ వాళ్ల పేరిట దినోత్సవం జరుపుతారు. ఇవాళ దాదాపు 30 లక్షల మంది మాట్లాడే ఈ చిన్న భాష 2004 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటి. ‘లీయ’ అన్న రోజువారీ మాట వెనక ఆ మోతగాళ్ల చెమట ఉంది. పరాయివాడు ఆ మాటను సరిగ్గా పలికినప్పుడు అక్కడివాళ్లు అంతగా సంతోషపడడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

లిథువేనియాలో చదువులు సెప్టెంబరు 1న మొదలవుతాయి. వైద్యవిద్యకని, ఇంజనీరింగ్‌కని అక్కడికి వెళ్తున్న భారతీయ విద్యార్థుల్లో మన పిల్లలూ ఉన్నారు. చదువు ఇంగ్లీషులోనే సాగవచ్చు, కానీ ఆసుపత్రిలో రోగితో మాట్లాడాలన్నా, శాశ్వత నివాసానికి రాజ్యభాష పరీక్ష రాయాలన్నా లిథువేనియన్ కావాల్సిందే. దిగిన కొద్ది వారాలకే ముసురు మొదలవుతుంది. వెళ్లేముందు ఈ ముప్పై నలభై వాన మాటలూ తెలుగు అక్షరాల్లో ఒక కాగితం మీద రాసుకుని, గట్టిగా పలుకుతూ నేర్చుకోండి. ఇంగ్లీషు పుస్తకం పక్కన మీ తెలుగు వ్యాకరణం కూడా పెట్టుకోండి. భాషలు బోధించే మన విశ్వవిద్యాలయాలు, ప్రచురణ సంస్థలు ఒక్క చిన్న తెలుగు - లిథువేనియన్ వాచకం తెస్తే ఆ పిల్లలకు ఎంతో మేలు జరుగుతుంది. మొదటి పాఠం వాన మీద పెట్టమని నా విన్నపం.